రేడియో తీగకు బిందెడు నీళ్ళు

మా తాండూరు ఇంట్లో ముందరి అర్ర గోడకు అరచేయంత చెక్క బోర్డు ఉండేది. దాని మీద ఇత్తడి చుట్లు ఉన్న రెండు రంధ్రాలు, ఒకటి పైన, ఒకటి కింద. మిద్దె మీద రెండు కట్టెల నడుమ కట్టిన రాగి జాలీ నుంచి ఒక తీగ దిగి, గోడలోంచి వచ్చి పై రంధ్రం వెనక చేరేది. కింది రంధ్రం నుంచి ఇంకో తీగ వాకిట్లోకి పోయి భూమిలో దిగేది. రేడియో వెనక నుంచి వచ్చే రెండు పిన్నులు ఆ రంధ్రాల్లో పెడితేనే మాట వినబడేది. కరెంటు బోర్డు వేరు, ఇది వేరు. ఈ సంగతి మా ఇంట్లో మగవాళ్ళకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. బోర్డు పెట్టిన మేస్త్రీ చెప్తుంటే వాళ్ళు అర్రలో కూర్చుని విన్నారు, నేను తలుపు చాటున నిలబడి విన్నాను. అంతే తేడా.

అది అరవైల నాటి మాట. మా వీధికి కరెంటు వచ్చిన మరుసటి ఏడు బావ రేడియో తెచ్చారు. బావ అంటే మా ఆయనకు అన్న. భార్య పోయాక ఇంటి పెత్తనం మొత్తం ఆయనదే. ఇంట్లో ఇంకా మా అత్త, మా ఆయన, నేను, మా చిన్న పిల్లలు. తమ్ముడి భార్య బావకు ఎదురుపడి మాట్లాడకూడదు. ఆయన నాకు చెప్పాల్సింది అత్తకు చెప్పేవారు, నేను ఆయనకు చెప్పాల్సింది అత్తకే చెప్పేదాన్ని. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉండేది.

బోర్డు పెట్టడానికి వికారాబాదు నుంచి వైరింగు మేస్త్రీ రైల్లో వచ్చాడు.

"పటేలా, పై తీగ గాలిలకెల్లి మాట పట్టుకొస్తది. కింది తీగకు తడి మట్టి గావాలె. మట్టి ఎండిందంటే గరగర షురూ అయితది. జాలారి దిక్కు వేద్దాం, ఆడ ఎప్పుడూ తడి ఉంటది" అన్నాడు.

జాలారి అంటే మేం గిన్నెలు తోమే చోటు, స్నానాలు చేసే చోటు.

"ఆడోళ్ళు తిరిగే కాడ తీగ లేంది? వాకిట్లనే వెయ్యి" అన్నారు బావ.

మా వాకిలంతా తాండూరు బండలు పరిచి ఉండేది. రెండు బండల సందులో ఇనుప మేకు కొట్టి తీగ చుట్టి మేస్త్రీ వెళ్ళిపోయాడు. ఆ సందులో ఉన్నది జానెడు మట్టి. దాని కింద మళ్ళీ రాయే.

వానాకాలం కాబట్టి రేడియో బాగా పలికింది. మధ్యాహ్నం మగవాళ్ళు చేను మీదికి పోయాక ఆడవాళ్ళ కోసం ఒక కార్యక్రమం వచ్చేది. అప్పటికి నాకు అక్షరం రాదు. మనవరాలు బడికి పోయే రోజుల్లో దాని పక్కన కూర్చుని నేర్చుకున్నాను, అందుకే ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను. ఆ వయసులో మాత్రం నాకు చదువంటే ఆ మధ్యాహ్నపు గొంతే. చంటిపిల్లకు జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పేది. ఒక్కోసారి ఎవరో రాసిన కథ చదివేది. ఎసట్లో బియ్యం వేసి, వండటం మరిచి నిలబడ్డ రోజులున్నాయి.

చలికాలం పోయి ఎండలు ముదిరాయి. రేడియో గరగరలాడటం మొదలుపెట్టింది. బావ దాన్ని తట్టారు, తిప్పారు, మిద్దె ఎక్కి జాలీ సరిచేశారు. ఏమీ కాలేదు. ఒకరోజు పొద్దున అత్తతో అన్నారు, "అమ్మా, ఇంట్ల అంటు కలుస్తున్నది. రేడియో ఊకె పాడుగాదు."

ఇంట్లో నెలకు మూడు రోజులు దూరం కూర్చునేది నేనొక్కదాన్నే. పేరు చెప్పకుండానే ఆ మాట నా మీద పడింది.

అత్త చెంబులో పసుపునీళ్ళు కలిపి అర్రంతా చల్లింది. మిగిలినవి వాకిట్లో మేకు దగ్గర పోసింది. సాయంత్రానికి గరగర తగ్గింది. "సూసినవా?" అన్నారు బావ. రెండు రోజులకు మళ్ళీ మొదలైంది. మళ్ళీ పసుపునీళ్ళు, మళ్ళీ తగ్గింది. ఇక ఆయనకు అనుమానం లేదు. నేను ముందరి అర్రలో కాలు పెట్టకూడదని, దూరమున్న రోజుల్లో వెనక వసారాలో కాకుండా పశువుల కొట్టంలో ఉండాలని ఆజ్ఞ వేశారు. చేనుకు పోయేటప్పుడు రెండు పిన్నులూ బోర్డులోంచి పీకి, తీగతో సహా చుట్టి రుమాల్లో కట్టుకుని పోయేవారు. నా మధ్యాహ్నం అట్లా ఆయన జేబులో చేరింది.

మా ఆయనతో చెప్పాను. "అన్నతోని ఎవరు మాట్లాడుతరే, జర ఓర్సుకో" అన్నాడు.

ఓర్చుకోలేదు. గమనించాను. నేను అర్రలోకి పోకపోయినా గరగర వస్తున్నది. అత్త పసుపునీళ్ళు పోసిన పూట పోతున్నది. అర్రలో మాత్రమే చల్లి వాకిట్లో పోయని రోజు పోవడం లేదు. తడి మట్టి కావాలన్న మేస్త్రీ మాట నేను మరిచిపోలేదు. అర్రలో కూర్చుని విన్నవాళ్ళే మరిచిపోయారు.

ఆ నెల నేను కొట్టంలో ఉన్న రెండో రోజు, పొద్దు గూకక ముందే, పక్కింటి పెద్దమనుషులు ఇద్దరు వార్తలు వినడానికి వచ్చారు. గరగర కొట్టం దాకా వినబడుతున్నది. నేను బిందె నిండా నీళ్ళు ముంచుకుని, ఇంటి పక్క సందులోంచి వాకిట్లోకి వచ్చి, మేకు మీద నిదానంగా పోశాను. బిందె సగం అయ్యేసరికి గరగర సన్నగిల్లింది. పూర్తయ్యేసరికి వార్తలు చదివే మనిషి గొంతు తేటపడింది.

బావ బయటికి వచ్చి నన్ను చూశారు. ముఖం తిప్పుకుని లోపలికి కేకేశారు.

"అమ్మా, గామెను కొట్టంలకు పొమ్మను."

"అత్తకెందుకు చెప్తవు బావా? నేను ఈడనే ఉన్న" అన్నాను. పెళ్ళయిన పదకొండేళ్ళకు ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. "గివి ఉత్త నీళ్ళు. పసుపు లేదు. ఇయ్యాల నాకు రెండో దినం. అంటుతోని పాడయ్యే రేడియో అయితే ఇప్పుడు పగిలిపోవాలె గదా. ఎట్ల పలుకుతున్నదో లోపలికి పోయి విను."

పెద్దమనుషుల్లో ఒకాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "పటేలా, గా మేస్త్రీకి రైలు కిరాయి దండుగ అయింది. మీ మరదలుంటే సాలు" అన్నాడు.

బావ లోపలికి పోయారు. అత్త మాత్రం వచ్చి నా తల్లిదండ్రులను, పుట్టిన ఊరు బంట్వారాన్ని కలిపి తిట్టింది. "వాకిలంత మైల జేసినవు గదనే" అంటూ ఆరు బిందెల నీళ్ళతో వాకిలి మొత్తం కడిగింది. ఆ రాత్రి రేడియో పలికినంత బాగా ఆ ఎండాకాలంలో ఎన్నడూ పలకలేదు. ఆ మాట ఎవరూ అనలేదు, అందరూ విన్నారు.

వారం తర్వాత మా ఆయన, అన్నను అడగకుండా, వికారాబాదు పోయి మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మేస్త్రీ జాలారి పక్క తడి మట్టిలో గుంత తవ్వి తీగ దించాడు. తీగ దగ్గర పడాలంటే బోర్డు కూడా వెనక్కు జరపాలన్నాడు.

"వంటింటి పక్క అర్రల రేడియోనా? నలుగురు ఏమంటరు?" అన్నారు బావ.

"నలుగురికి గరగర గావాల్నా, వార్తలు గావాల్నా పటేలా?" అన్నాడు మేస్త్రీ, గోడకు రంధ్రం కొడుతూనే.

బోర్డు వంటింటి పక్కనున్న నడిమి అర్రకు వచ్చింది. పిన్నులు దానిలోనే ఉండిపోయాయి. ఇక వాటిని పీకి పట్టుకుపోవడానికి బావకు సాకు లేదు.

తర్వాతి నెల నేను కొట్టంలోకి పోలేదు. మొదటి రోజే నడిమి అర్రలో గోడకు ఆనుకుని చాప వేసుకుని కూర్చున్నాను. అత్త గొణిగింది, అన్నం గిన్నె దూరం నుంచి జరిపింది. మధ్యాహ్నం కార్యక్రమం మొదలైంది. ఆ రోజు బావ చేను నుంచి తొందరగా వచ్చారు. గడప దగ్గర నిలబడి నన్ను, రేడియోను, మళ్ళీ నన్ను చూశారు. లేచి పక్కకు తప్పుకుంటానని ఎదురుచూసినట్టున్నారు.

రేడియోలో ఎవరో కథ చదువుతున్నారు. ఇంకా సగమే అయింది. నేను లేవలేదు.