ఉదయం సముద్రం, సాయంత్రం కొండ

2006 శీతాకాలంలో నన్ను అరకులోని ఒక పర్యాటక విడిదికి ఇన్‌ఛార్జి మేనేజరుగా వేశారు. ఇన్‌ఛార్జి అంటే పని మేనేజరుది, జీతం అసిస్టెంటుది. సీజను సవ్యంగా నడిపితే పోస్టు ఖాయం చేస్తామన్నారు. దాంతో నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. గొడవంతా అక్కడే వచ్చింది.

హైదరాబాదు కంపెనీ ఉద్యోగులు కొందరి కోసం ఒక చార్టర్ ట్రిప్పు తయారుచేశాను. అంటే బస్సు, పడవ, డైవింగ్ మాస్టరు అన్నీ ఆ ఒక్క బృందానికే మాట్లాడిపెట్టడం. ఉదయం విశాఖ తీరంలో స్కూబా, అంటే వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకి దిగడం. సాయంత్రం అరకులో గిరిజనుల థింసా నాట్యం. ‘ఉదయం సముద్రం అడుగు, సాయంత్రం కొండ కొన’ అని కరపత్రం నేనే రాసి, పైకి చదువుకుని మురిసిపోయాను. నాకు ఈత రాదు. వంట రానివాళ్లు హోటళ్లు నడపడం లేదా అనుకున్నాను.

డైవింగ్ చక్కగా జరిగింది. అందరూ ఒడ్డుకొచ్చి చేపల కబుర్లు చెప్పుకుంటుంటే బస్సు స్టార్టు చేయించాను. డైవింగ్ మాస్టరు నేవీలో చేసి రిటైరైన మనిషి. ఆయనకి నేను ఉదయం సంగతే చెప్పాను, సాయంత్రం మన ఇలాకా కదా అని. బస్సు ఎక్కడికని అడిగితే అరకు అన్నాను. ఆయన వెళ్లి డ్రైవరు దగ్గర తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

“రేపటిదాకా వీళ్లు ఘాట్ రోడ్డు ఎక్కడానికి వీల్లేదు,” అన్నాడు.

లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుందట. వెంటనే ఎత్తుకి వెళితే గోలీ సోడా కొట్టినట్టు బుడగలు లేచి, మనిషి పడిపోవచ్చట. నేను అరకులో పుట్టి పెరిగినవాణ్ణి. సొంతిల్లు ఎత్తులో ఉందని ఎవరికి తోస్తుంది?

అక్కడ విడిదిలో థింసా బృందానికి పెద్దయిన కొండమ్మ, కాఫీ పళ్లు కోసే పని మానుకుని, తన మనుషులతో ముస్తాబై కూర్చుంది. ఫోన్లో నీళ్లు నములుతూ సంగతి చెప్పాను.

“ఆళ్లు ఎక్కకూడదు గానీ, మేం దిగకూడదని ఎవులన్నారు బాబూ? జీపులు మాట్లాడు, బేగి వచ్చేత్తాం.”

పొద్దుగూకే వేళకి ఇసుకలోనే థింసా మొదలైంది. ఉదయం నీళ్లలో హాయిగా తేలిన అతిథులు అడుగు కలపబోయి ఇసుకలో కూలబడ్డారు. అందరూ నవ్వారు. ప్రాణం లేచొచ్చి నేనూ నవ్వాను.

జీపెక్కే ముందు కొండమ్మ సిలిండర్ల వంక చూసి, మరోసారి పొద్దున్నే వస్తే తమనీ నీళ్లలోకి దింపుతావా అని అడిగింది. దింపుతానని నోటిదాకా వచ్చింది. సాయంత్రానికి ఇల్లు చేరాలంటే వీల్లేదని చెప్పాల్సి వచ్చింది.

“అయితే ములిగినోళ్లు ఆ రాత్రికి ఇంటికెళ్లకూడదా?” అంది. సిగ్గేసింది నాకు.

పోస్టు ఇంకొకరికి వెళ్లింది. అయినా తర్వాతి సీజను కార్యక్రమం నాచేతే రాయించారు. ముందు కొండ, తర్వాత సముద్రం అని రాశాను. థింసా బృందానికీ అతిథులతో పాటు సముద్రం, తీరంలో ఒక రాత్రి బస రాశాను. కొండమ్మ నీళ్లలో మునిగింది. నేను ఒడ్డున చెప్పులు కాశాను. ట్రిప్పు వేసేటప్పుడు అతిథి ఎక్కడ తిరుగుతాడన్నదొక్కటే చూస్తే చాలదు, దాన్ని నడిపేవాళ్లు రాత్రికి ఎక్కడ పడుకోవాలన్నదీ చూడాలి.