వడగాలికి తెరిచిన కిటికీ

మే నెల మొదటి వారం. ఉదయం పదిన్నరకి ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్లో దిగాను. ఒక ఇనప ట్రంకు, ఒక హోల్డాలు, భుజాన నీళ్ళసీసా. అక్కణ్ణుంచి మిలటరీ ట్రక్కులో గుర్గావ్ వైపు నలభై నిమిషాలు. తొంభైల నాటి మాట. ఇప్పుడు అద్దాల మేడలున్న ఆ దారంతా అప్పుడు కోతలైపోయిన గోధుమ చేలు, తుమ్మచెట్లు, ఇటుక బట్టీలు.

మా డిటాచ్‌మెంట్ అంటే ఆరుగురు మనుషులు, రెండు రేకుల గోడౌన్లు, ఒక ఇటుక గది, ఒక వైర్‌లెస్ సెట్టు. గోడౌన్లలో సామానుకి కాపలా కాయడం మా పని. మంచుకొండలూ లేవు, కాల్పులూ లేవు. "బోర్డర్లో ఎక్కడ చేశారండీ?" అని మా కాకినాడలో ఇప్పటికీ అడుగుతారు. ఢిల్లీ అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. బుచ్చుకుంటే బుచ్చుకోనివ్వండి, నేనేం చెయ్యను!

మా కమాండర్ రాజస్థాన్ హవల్దారు. రిపోర్ట్ చెయ్యగానే గోడకున్న థర్మామీటర్ చూపించాడు. నీడలోనే నలభై నాలుగు.

"ఇక్కడ దుష్మన్ ఒక్కడే. లూ," అన్నాడు హిందీలో. లూ అంటే వడగాలి. "నువ్వు ఎలక్ట్రీషియన్‌వి. వైరింగ్ నీది, కూలర్ నీది, నీళ్ళు నీవి. నా మనుషుల్లో ఒక్కడు ఎండకి పడిపోయినా జవాబు నువ్వే చెప్పాలి. ఠీక్ హై?"

"ఠీక్ హై, ఉస్తాద్."

కూలర్ అనేదాన్ని అప్పుడే మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. కిటికీకి బిగించిన రేకుపెట్టె. మూడువైపులా గడ్డి తెరలు, అడుగున నీళ్ళతొట్టి. చిన్న పంపు గడ్డిని తడుపుతుంటుంది. ఫ్యాను ఆ తడిలోంచి బయటిగాలిని లాగి గదిలోకి తోస్తుంది. అంతే.

తొట్టి నింపి స్విచ్ వేశాను. తలుపు బిడాయించాను. ఎదుటి కిటికీ మూసి, సందుల్లో గోనెగుడ్డలు కుక్కాను. చల్లదనం బయటికి పోకూడదు కదా! గంట తిరిగేసరికి గది కాకినాడ అయిపోయింది. గోడలు చెమ్మగిల్లాయి, బనియన్లు ఒంటికి అతుక్కుపోయాయి. నిజం చెప్పొద్దూ, నాకు మా ఊరు వెళ్ళినంత హాయిగా ఉంది.

వైర్‌లెస్ ఆపరేటర్ డ్యూటీ దిగి లోపలికొచ్చాడు. రామగుండం కుర్రాడు, లాన్స్ నాయక్. మా ఆరుగురిలో నాతో తెలుగు మాట్లాడేవాడు వాడొక్కడే.

"గీ కిటికీ ఎవడు మూసిండు?"

"నేనేరా. చల్లగాలి పోద్ది గదా!"

"వారీ! ఓ సముద్రపన్నా, ఆ గాలి పోవాల్నే. గడ్డి మీది నీళ్ళు ఆవిరైతేనే గాలి సల్లవడ్తది. ఆవిరి కావాల్నంటే కొత్త పొడిగాలి రావాలె. నువ్వేమో తడిగాలిని లోపలేసి తాళం పెట్టినవ్!"

కిటికీ తెరిచాడు. ఐదు నిమిషాల్లో బనియన్లు ఆరిపోయాయి. ఆ సాయంత్రం నుంచి నా పేరు 'కిటికీ అన్న'. అక్కడితో ఆగాడా? సెట్టు మీద హెడ్‌క్వార్టర్ వాళ్ళకీ చెప్పాడు. వాళ్ళ హిందీలో నేను 'ఖిడ్కీ'నయ్యాను.

నీళ్ళసీసా దగ్గరా ఇదే తంతు. దానికి కంబళి తొడుగుంటుంది. మాసిపోతే ఇన్‌స్పెక్షన్లో చీవాట్లు తప్పవని విప్పి ట్రంకులో దాచాను. హవల్దారు చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఆ తొడుగు తడిపి, నీడలో గాలి తగిలేచోట వేలాడదీయించాడు. అరగంట తర్వాత తాగితే బావినీళ్ళలా ఉన్నాయి. సీసాకి కంబళి కుట్టాలన్న ఆలోచన మొదట ఎవడికొచ్చిందోగానీ, వాడికి నా సెల్యూట్. అప్పటినుంచీ పోస్టు మీదకెళ్ళే ప్రతివాడి సీసా నేనే తడిపి పంపేవాణ్ణి. ఆ పని నాకు భలే నచ్చింది.

జూన్ రెండో వారం. హవల్దారు ఇద్దర్ని వెంటేసుకుని రేషన్‌కి వెళ్ళాడు. గేటు దగ్గర సెంట్రీ ఒకడు, లోపల నేనూ ఆపరేటరూ. పదకొండు నుంచి కరెంటు లేదు. సెట్టు బ్యాటరీ మీద నడుస్తోంది గానీ, గాలికి దాని ఏరియల్ తీగ తెగింది. పన్నెండు ఇరవైకి ఆపరేటర్ గోడౌన్ రేకుల మీదకెక్కాడు. ఇరవై ఐదు నిమిషాలకి తీగ కట్టి దిగాడు.

"అన్నా, బస్సొచ్చిందా? అమ్మ ఎక్కిందా?" అన్నాడు.

"ఏ బస్సురా?" అనేలోపే కూలబడ్డాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు.

సెట్టు దగ్గరికి పరిగెత్తాను.

"ఆపరేటర్ స్పృహ తప్పి పడిపోయాడు. ఎండదెబ్బ. ఓవర్."

"ఖిడ్కీ, అంబులెన్స్ పంపిస్తున్నాం. నలభై నిమిషాలు. అందాకా ఒళ్ళు చల్లబరుచు. స్పృహ లేదు గనక నోట్లో నీళ్ళు పొయ్యకు. ఓవర్."

సెంట్రీని పిలిచి, ఇద్దరం కలిసి వాణ్ణి మంచం మీద వేశాం. వడగాలి తగలకూడదని తలుపూ కిటికీ బిగించాను. మిలటరీ కంబళి తడిపి మెడదాకా చుట్టాను. పది నిమిషాలు గడిచాయి. కంబళి వేడెక్కింది. వాడు మూలుగుతున్నాడు. వంగి చూస్తుంటే నా గడ్డం మీంచి చెమట వాడి నుదుటి మీద పడింది. ఒకటి, రెండు, మూడు చుక్కలు.

నా చెమట ఆరడం లేదు. ఓరి దేవుడా, మళ్ళీ మూసేశాను!

లేచి తలుపూ కిటికీ బార్లా తెరిచాను.

"పాగల్ హో క్యా? లూ అందర్ ఆయేగీ!" పిచ్చా, వడగాలి లోపలికొస్తుందని సెంట్రీ అరిచాడు.

"ఆనే దో!" రానీ అని నేనూ అరిచాను.

కంబళి లాగి పారేశాను. పల్చటి తెల్ల నూలు దుప్పటి తడిపి కప్పాను. మంచాన్ని తలుపుకీ కిటికీకీ మధ్యకి ఈడ్చాం. సెంట్రీ అట్టముక్కతో విసిరాడు, నేను మగ్గుతో నీళ్ళు చిలకరించాను. బయట నలభై ఐదు. ఆ నిప్పులాంటి గాలే దుప్పటి మీదుగా వచ్చేసరికి చల్లగా తగిలింది.

ఒకటీ పదిహేనుకి వాడు కళ్ళు తెరిచాడు. నావంకా, నా వెనకాలకీ చూశాడు.

"కిటికీ తెరిచినవా, అన్నా?"

"తెరిచాన్రా నాయనా, తెరిచాను," అని భోరుమన్నాను. సెంట్రీ ఉన్నాడని కూడా చూసుకోలేదు.

ఒంటిగంటన్నరకి అంబులెన్స్ వచ్చింది. తొమ్మిదో రోజుకి వాడు తిరిగొచ్చి, మొదట నన్ను వెక్కిరించి, తర్వాత సెట్టు ముందు కూర్చున్నాడు. హవల్దారు నా భుజం తట్టి "జవాబు చెప్పావు" అన్నాడు. అంతకంటే పెద్ద మెడల్ నాకు రాలేదు, కావాలనీ అనిపించలేదు.

రెండేళ్ళకి ఇంటికొచ్చాను. మోజుకొద్దీ ఒక కూలర్ రైల్లో వేసుకొచ్చాను. కాకినాడలో అది చల్లబరిస్తే ఒట్టు! గాలి నిండా నీళ్ళే ఉంటే ఇంక ఆవిరయ్యేదెక్కడ? మా ఆవిడ దాంట్లో ఉల్లిపాయలు పోసుకుంటోంది.

కరెంటు పోయినప్పుడల్లా నేను కిటికీలు తెరుస్తాను. "వేడిగాలి కొడుతోందండీ, మూసెయ్యండి" అంటుంది. మూయను. నా కళ్ళకి ఆ తెల్ల దుప్పటే కనిపిస్తుంది. గాలికి పొంగుతోంది, అణుగుతోంది. పొంగేది గాలికో వాడి ఊపిరికో తెలియక, ఆ రోజు అరచెయ్యి ఆనించి చూశాను. దుప్పటి చల్లగా ఉంది. దాని కింద వాడి గుండె కొట్టుకుంటోంది.