కుడి పక్క సందు

కోవిడ్ వచ్చి తగ్గాక మా ఆవిడకు వాసన తెలియడం పోయింది. పాలు మాడినా, గ్యాసు లీకైనా మా ఎనిమిదేళ్ళ పాపే చెప్పాలి. అలా ఇంటికి ముక్కు అయిన పిల్లకే నా నోరు వాసన చూసే పనీ పడింది. ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడగానే నా గడ్డం పట్టుకుని కిందికి వంచి, వాసన చూసి, వంటింటి వైపు తిరిగి "లేదమ్మా" అనేది.

"ఇంకొక్కసారి ఉందని చెప్పిందంటే దాన్ని తీసుకుని వెళ్ళిపోతాను" అని మా ఆవిడ ముందే చెప్పేసింది. అరిచి చెప్పి ఉంటే నాకంత భయం వేసేది కాదు. అయినా తాగుతూనే ఉన్నాను. యాలకులు, సోంపు, చివరికి పచ్చి కరివేపాకు కూడా నమిలి ఇంటికి వచ్చేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే పాప యూనిఫామ్ గుండీలు పెట్టబోతే వేళ్ళు వణికి ఒక్కటీ పడలేదు. బాత్రూములోకి వెళ్ళి దాచుకున్న సీసా ఎత్తి ఓ గుక్క వేశాక గానీ వణుకు ఆగలేదు. ఆగినందుకే హడలిపోయాను.

తాగుడు మానేవాళ్ళ మీటింగుల కోసం ఫోనులో వెతికాను. అక్కడున్న నంబరుకు చేసి, అవతల హలో అనగానే పెట్టేశాను. మర్నాడు ధైర్యం చేసి మాట్లాడితే, మేముండే బ్రూక్‌ఫీల్డ్‌లోనే ఇంగ్లీషు మీటింగు ఉందన్నారు. అక్కడ మా మేనేజరు కనిపిస్తే? కనిపిస్తే ఆయనా మన బాపతే కదా అన్న సంగతి ఆ భయంలో తట్టలేదు. చిక్కపేటలో శనివారం మధ్యాహ్నం కన్నడ మీటింగు ఉందన్నారు. తెలుగువాడి మొహం కనిపించదనుకుని అదే ఖాయం చేసుకున్నాను. చిక్కపేటలో సగం బేరాలు తెలుగులోనే సాగుతాయని తెలియని ఘనుణ్ణి.

కొళాయికి వాషరు తెస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాను. మెట్రో దిగి, చీరల అంగళ్ళ మధ్య నడిచి, సందు రెండుగా చీలిన చోట ఆగిపోయాను. వచ్చిన నాలుగు కన్నడ ముక్కలూ కలగాపులగమయ్యాయి. బట్టల మూటలతో తోపుడుబండి లాగుతున్న ఆయన్ని ఆపి, రెండు సందులూ చేత్తో చూపిస్తూ "అణ్ణా, ఎడనా, కుడినా?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని, కుడి పక్క సందులోకి చూపించి, "కుడియోదు బిడ్సోరా? అల్లే, మహడి మేలే" అన్నాడు. తాగుడు మాన్పించేవాళ్ళా, అక్కడే, మేడ మీద అని.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను మూతి తుడుచుకున్నాను. నా మొహం మీదే రాసి ఉందా? మెట్రో వైపు సగం దూరం తిరిగి నడిచాక గుర్తొచ్చింది, మనకు కుడి అంటే కుడి పక్క, కన్నడంలో కుడి అంటే తాగు. నవ్వు రాలేదు. మీటింగు మాట ఎత్తకుండానే దారి తెలిసిపోయింది, ఇక తప్పించుకోవడం ఎలా అనుకుంటూ వెనక్కి నడిచాను.

మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. ఓ పెద్దాయన నన్ను చూసి తలుపు దగ్గరికే వచ్చాడు. "యా ఊరప్పా?" అన్నాడు.

తెలుగు. అక్కడ ఒక్కొక్కరూ తమ తాగుడు సంగతి చెప్పుకోవాలట. నా వంతు వస్తే ఆల్కహాలిక్‌నని ఇంగ్లీషులో చెప్పాలనుకున్నాను. ఆ మాటలో కాస్త ఆసుపత్రి మర్యాద ఉంది. తెలుగులో ఆ మాట తిట్టు.

"ఊరికే చూడ్డానికి వచ్చానండీ" అన్నాను.

"అందరమూ సూడ్డానికే వచ్చినామప్పా. కూచో" అన్నాడు. నవ్వలేదు.

నా కోసమేనేమో, ఆయన తన కథ తెలుగులోనే చెప్పాడు. ఏళ్ళ తరబడి మానేసి, తమ్ముడి కూతురి పెండ్లిలో మళ్ళీ తాగాడట. "భయం ఉండేంతవరకూ బాగుంటినప్పా. భయం పోయినాకనే తాగితి" అన్నాడు. నా వంతు వచ్చింది. పక్కాయన వైపు చెయ్యి చూపించాను. టీ తాగి వచ్చేశాను.

ఇంటి గుమ్మంలో నిలబడ్డాక వాషరు సంగతి గుర్తొచ్చింది. పాప వచ్చి గడ్డం పట్టుకుని వంచింది. దాచడానికి ఏమీ లేని రోజున కూడా అలవాటుగా పెదాలు బిగించాను. వాసన చూసి, మళ్ళీ చూసింది. దాని మొహం విప్పారింది.

"అమ్మా, ఇవాళ నిజంగానే లేదు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. పాప చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా యాలకులూ సోంపూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల రోజూ నా కోసం అబద్ధమాడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మా ఆవిడ వచ్చి పాపను దగ్గరికి లాక్కుంది. "ఎక్కడికెళ్ళారు?" అని అడిగింది.

వాషరు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పాప నా నోటికేసే చూస్తోంది, తను ఏమని వంత పాడాలోనని.

"నేను తాగుబోతుని. మానడానికి మీటింగుంటే వెళ్ళాను" అన్నాను. తెలుగులోనే అన్నాను.

"చెప్పులు విప్పి లోపలికి రండి" అంది మా ఆవిడ. వంగి విప్పుతుంటే చేతులు వణుకుతూనే ఉన్నాయి.