బల్ల మీద కూర్చున్న సారు

మా కోడలికి కంప్యూటర్ నేర్పిన సారు పోయిన సోమవారం పొద్దున సూర్యాపేట దవాఖానలో చనిపోయారు. కబురు కోడలే చెప్పింది. నేను టీ తాగుతున్నాను. గ్లాసు పక్కన పెట్టి "ఎప్పుడు?" అన్నాను. "ఆరింటికట మామా" అంది. మా ఇంట్లో మొదటినుంచీ మాటలు తక్కువ.

నేను మోతె దగ్గర గొర్లు కాసినవాణ్ని. ఊరి బడిలో ఐదు దాకా చదివాను. రాయడం అలవాటు లేదు. సారు గురించి నాకు తెలిసింది కొంచెమే. ఆ కొంచెం రాస్తున్నాను.

మా కొడుకుది మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ పని. కోడలిది సాఫ్ట్‌వేర్. కోదాడలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఆమె ఇంట్లోంచే హైదరాబాద్ కంపెనీ పని చేస్తుంది. వేరేవాళ్లు తయారు చేసిన ప్రోగ్రాంలో ఒక్కొక్క మీటా నొక్కి, ఎక్కడ తప్పు వస్తుందో పట్టుకోవడం ఆమె పని. మందలో కుంటి గొర్రెను వెతికినట్టే అనిపించేది నాకు. పదకొండేళ్లు అదే చేసింది.

నిరుడు ఆ పని ఇక మిషనే చేస్తుందన్నారు. మిషనుతో పని చేయించి, అది చేసినదాన్ని సరిచూసేవాళ్లే మిగులుతారన్నారు. ఆ కొత్త పనికి కంపెనీవాళ్లే ఇంటర్వ్యూ పెట్టారు. కోడలికి పని వచ్చు. కానీ తెలియని ప్రశ్న ఒకటి రాగానే నోరు పెగల్లేదు. తల వంచుకొని కూర్చుండిపోయిందట. మూడు నెలలాగి ఇంకొక్కసారి అడుగుతామన్నారు. అప్పుడూ రాకపోతే ఉద్యోగం ఖతం.

ఆమె సారు దగ్గరికి వెళ్లింది. సారు ఒకప్పుడు మిర్యాలగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. తరువాత కంప్యూటర్లు పెట్టారు. కోడలు పెళ్లికి ముందు అక్కడే నేర్చుకుంది. ముసలితనంలో అన్నీ మూసేసి, కోదాడలో మాకు రెండు వీధుల అవతల ఉంటున్నారు. ఆమె చెప్పిందంతా విని ఆయన, "ఇవి నాకు రావమ్మా. పొద్దున నువ్వు నేర్చుకో. సాయంత్రం వచ్చి నాకు చెప్పు. కాదులే, నేనే వస్తా" అన్నారట.

మర్నాటి నుంచి రోజూ అయిదింటికి వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ముందు గదిలో ఒక కుర్చీ, దానికంటే పొట్టిగా ఒక బల్ల. కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి తాను బల్ల మీద కూర్చునేవారు. మోకాళ్ల మీద నోటుబుక్కు.

"ఆగాగు. మిషను రాసింది తప్పో ఒప్పో మిషనే చెప్తే, అది అబద్ధమని ఎవరు చెప్పాలి?"

"మనమే సార్."

"ఎట్లా?"

"నిన్ననే చెప్పిన కద సార్!"

"చెప్పావు. నాకు ఎక్కలా. తప్పు చెప్పినదానిదా, విన్నవాడిదా?"

"మీదే సార్" అని నవ్వేది.

వారం రోజులు చూశాను. నాకు బాగనిపించలేదు. మాలో పెద్దవాళ్లు కింద ఉంటే చిన్నవాళ్లు పైన కూర్చోరు. ఈయనేమో గురువు. ఒకరోజు సారు వెళ్లాక, "సారు బల్ల మీదుంటే నువ్వు కుర్చీల ఎట్ల కూసుంటవ్ బిడ్డా? మంచిగుండదు" అన్నాను. పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆమెను నేను అన్న మాట అదొక్కటే.

మర్నాడు ఆమె సారుకు కుర్చీ వేసి, తాను బల్ల మీద కూర్చుంది. కూర్చునేసరికి మళ్లీ శిష్యురాలైపోయింది. ఆయన అడిగితే "సరే సార్", "అవును సార్". చెప్పాల్సిన పాఠం నోట్లోంచి రాలేదు. మూడు రోజులు అట్లాగే పోయాయి. నాలుగో రోజు ఆమె కంప్యూటర్ ముందు కూర్చోనే లేదు. ఆమెను అడిగి సంగతి తెలుసుకొని సారు తిన్నగా నా దగ్గరికి వచ్చారు.

"ఏం పెద్దాయనా, నా చదువు మాన్పించారంట?"

నేను లేచి నిలబడ్డాను. "తప్పయింది సార్. పెద్దలు కద అని..."

"పెద్దోణ్నయితే? టైపు మిషన్లు మూలపడ్డప్పుడు నేనేం చేశాననుకున్నారు? నా దగ్గర టైపు నేర్చిన పిల్ల దగ్గరే బల్ల మీద కూర్చొని కంప్యూటర్ నేర్చుకున్నా. అప్పటినుంచి నా కాడ ఒకటే పద్ధతి. చెప్పేవాళ్లకి కుర్చీ, నేర్చుకునేవాళ్లకి బల్ల. రేపు నేను గొర్లు కాయడానికొస్తే, మీరు నాకు చెప్తారా, నేను మీకు చెప్తానా?"

"నేనే సార్."

"మరింకేం!"

తరువాత కొంచెం మెల్లగా అన్నారు: "పని మారితే మనిషి చిన్నోడు కాడు పెద్దాయనా. కొన్నాళ్లు కొత్తోడవుతాడు, అంతే."

ఆ సాయంత్రం కోడలు మళ్లీ కుర్చీలో కూర్చుంది. నా మూలంగా మూడు రోజులు పోయాయని చాలాకాలం మనసులో ఉండేది.

ఒకసారి బజారులో కలిస్తే అడిగాను: "సార్, మీకు నిజంగ తెల్వకనే అడుగుతరా?"

"సగం తెలియక. సగం ఆ అమ్మాయి నోరు తెరవాలని. ఏ సగం ఏదో నాకే తెలీదు" అన్నారు. చేతిలో తోటకూర కట్ట ఉంది. అటూ ఇటూ చూసి రోడ్డు దాటి వెళ్లిపోయారు.

ఆ పని కోడలికి వచ్చింది. ఇప్పుడు ఆమె హోదాకు ఏదో పెద్ద పేరుంది. నాకు నోరు తిరగదు.

ఆ రెండో ఇంటర్వ్యూ కంప్యూటర్‌లోనే, పొద్దున పదకొండింటికి జరిగింది. కోడలు లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సారు, నేను వరండాలో కూర్చున్నాం. లోపలి మాటలు సగం ఇంగ్లీషు, నాకు తెలియవు. సారు మాత్రం తల ఊపుతున్నారు. ఉన్నట్టుండి లోపల మాట ఆగింది. చాలాసేపు ఆగింది. సారు తల ఊపడం మానేశారు. నేను తలుపు వైపు చూశాను.

అప్పుడు కోడలు ఏదో అంది. గొంతు వణకలేదు.

సారు నా చెవి దగ్గరికి వంగి చెప్పారు. "ఇది నాకు తెలియదు, రెండు రోజులివ్వండి, నేర్చుకొని చెప్తా అంటోంది."

ఆ మాట చెప్పి లేచారు.

"ఇంక అయిపోలే సార్" అన్నాను.

"నాది అయిపోయింది" అన్నారు.

చప్పుడవుతుందని చెప్పులు వేసుకోలేదు. చేత్తో పట్టుకొని, గేటు మెల్లగా తీసి, ఎండలోకి నడిచారు. కొంత దూరం పోయాక గోడకు చెయ్యి ఆనించి, ఒక కాలికి తొడుక్కున్నారు. కాసేపు నిలబడి రెండో కాలికి తొడుక్కున్నారు. లోపల కోడలు మాట్లాడుతూనే ఉంది.