వణుకు మంజూషది కాదు

మధురానగర్‌లో మొదటి అంతస్తులో ఉన్న ఆ బ్యూటీపార్లర్‌కు బోర్డు మీద ఏ పేరున్నా, హాస్టల్ ఆడపిల్లలందరికీ అది రుద్రమ్మ పార్లరే. కానీ అందులో కనుబొమలు దిద్దే కుర్చీ మాత్రం మంజూషది. పదకొండేళ్లుగా ఆ కుర్చీ వెనక నిలబడ్డ మనిషి. మైత్రీవనంలో కోర్సులు నేర్చుకునే పిల్లలు ఇంటర్వ్యూకి ముందురోజు మెట్లెక్కి వచ్చి, "మంజక్క ఉందా?" అని అడిగేవారు. లేదంటే రేపొస్తామని దిగిపోయేవారు. ఓనరమ్మ రుద్రమ్మకు అది విన్నప్పుడల్లా కాస్త గుచ్చుకునేది గానీ, కుర్చీ ఖాళీగా ఉండదు కాబట్టి ఊరుకునేది.

అలాంటి మంజూష ఈ ఏడాది మే నెలంతా జనం తలలు కడుగుతూ, పాదాలు రుద్దుతూ గడిపింది.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. కిందటి దసరా తర్వాత మనసు కుంగిపోయింది. ఎందుకని అందరూ అడిగారు. ఎందుకో తెలిస్తే ఆమే చెప్పేది కదా! ఇంట్లో గొడవల్లేవు. భర్త మహేశ్ మైత్రీవనంలో జిరాక్స్ షాపు నడుపుకుంటూ తన పాటికి తానుండే మనిషి. అయినా ఆమెకు పొద్దున లేవబుద్ధయ్యేది కాదు. పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే చూస్తూ నిలబడేది. చివరికి ఫిబ్రవరిలో, ఎవరూ తీసుకుపోకుండానే, పంజాగుట్టలో ఒక మనసు డాక్టరు దగ్గరికి తనే వెళ్లింది. ఆయన గోళీ రాశాడు. నెలన్నరకు ఆకలేసింది, నవ్వొచ్చింది, స్నానం చేస్తే హాయిగా అనిపించింది. మందు మంచిదే. అక్కడే వచ్చింది చిక్కు. మనసును లేపిన మందే ఆమె చేతుల్ని పాడుచేసింది.

కనుబొమలు దిద్దడమంటే మాటలా? దారం ఒక కొస పళ్ల మధ్య ఉండాలి, మిగతాది మెలిపెట్టి రెండు చేతుల వేళ్ల మీద ఆడాలి. పళ్లు సడలకూడదు, వేళ్లు తొణకకూడదు. మందు మొదలైన కొన్నాళ్లకు మంజూష దవడలు వాటంతటవే బిగుసుకోసాగాయి. సగం పనిలో దారం పుటుక్కున తెగేది. కొత్త దారం తీస్తే వేళ్లు సన్నగా వణికేవి. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఎవరికీ కనిపించని వణుకు అది. మనిషి కంటికి అంగుళం దూరంలో దారం ఆడిస్తున్నప్పుడు మాత్రం దాచినా దాగదు.

మార్చిలో డాక్టరుకు చెప్పింది.

"చేతులు వణుకుతున్నయ్ సార్. గోళీ ఏసుకుంటున్న సందే గిట్లయితుంది."

డాక్టరు కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదంటే రెండు గంటలు బయట కూర్చోబెట్టి, లోపల మూడు నిమిషాల్లో ముగించేవాడు. "నిద్ర పడుతోందా అమ్మా? ఆకలేస్తోందా?" అని అడిగాడు. రెండూ అవుతున్నాయని ఆమె నిజమే చెప్పింది. "మరింకేంటి? వణుకు టెన్షన్ వల్ల వస్తుంది. డోసు కొంచెం పెంచుదాం, అదే తగ్గిపోతుంది" అన్నాడు.

పెంచాడు. వణుకూ పెరిగింది. ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది. ఆయన ఫైలులో మళ్లీ టెన్షన్ అనే రాసి, ఇంకొంచెం పెంచాడు. చెప్పు కరుస్తోందంటే ఇంకా బిగువైన చెప్పు తొడిగినట్టుంది ఆ వైద్యం.

ఇంట్లో మహేశ్‌ది ఇంకో వైద్యం. "గా గోళీలు బంద్ చెయ్. చేతులు అవే నిలుస్తయ్. నువ్వు మంచిగనే ఉన్నవ్ గదా ఇప్పుడు" అన్నాడు. భర్త మాట కాదనలేక నాలుగు రోజులు మానేసింది. తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టయ్యేది. నాలుగో రోజు చపాతీ పిండి కలుపుతూ కారణం లేకుండా గంటసేపు ఏడ్చింది. మహేశ్ బిత్తరపోయి తనే మంచినీళ్లు తెచ్చి గోళీ వేయించాడు. అప్పటినుంచి ఆ సలహా మాత్రం ఇవ్వడం మానేశాడు.

ఇంతలో ఏప్రిల్ ఆఖరున హైందవి వచ్చింది. హాస్టల్ పిల్ల, మర్నాడు ఇంటర్వ్యూ. కుర్చీలో వెనక్కి వాలి, రెప్ప సాగదీసి పట్టుకుని, కళ్లు మూసుకుంది. మంజూష వేళ్లు ఒక్కసారి తొణికాయి. కనుబొమ మధ్యలో మెతుకంత ఖాళీ పడింది. హైందవి అద్దంలో చూసుకుని, "ఏంటక్కా ఇది? రేపు ఈ మొహంతో ఎలా వెళ్లను?" అని బావురుమంది. పెన్సిలుతో దిద్ది పంపించారు గానీ, సాయంత్రానికి ఆ సంగతి హాస్టల్ అంతా పాకింది.

రుద్రమ్మ చెడ్డది కాదు, అట్లాగని ధర్మాత్మురాలూ కాదు. గోళీల సంగతంతా వింది. "చూడు మంజూ, ఇప్పుడంటే ఎండలు, పిల్లలు తక్కువ. ఆషాఢం సుత ఖాళీనే. శ్రావణంల పెళ్లిళ్లుంటయ్, పెండ్లిపిల్లల కండ్లకాడ నాకు భయం. గప్పటిదాంక తలలు కడుగు, కాళ్లు రుద్దు, చూస్త. చెయ్యి నిలవకపోతే కుర్చీ పింకీకిస్త" అంది. పింకీ తలలకు రంగు వేసే అమ్మాయి, ఏడాదిగా ఆ కుర్చీ వైపు చూస్తూనే ఉంది. మంజూషకు ఆమె మీద కోపం రాలేదు. కోపమంతా పంజాగుట్ట మీదే.

మేలో మూడోసారి వెళ్లి చెప్పింది. ఈసారి కుర్చీ పోతుందని కూడా చెప్పింది. డాక్టరు జాలిగా తలూపి, "చూశారా, దీని గురించే ఆలోచిస్తూ టెన్షన్ పడుతున్నారు" అన్నాడు. మంజూష బయటికొచ్చి పంజాగుట్ట రోడ్డు మీద, మెట్రో స్తంభం పక్కన నిలబడింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పదకొండేళ్లుగా తన చేతులేమిటో తనకు తెలియదా? మనసు పూర్తిగా కుంగి, స్నానం కూడా చేయని రోజుల్లో సైతం ఈ వేళ్లు ఒక్క వెంట్రుక తప్పు తీయలేదు. అప్పుడు రాని టెన్షన్ వణుకు, నవ్వుతున్నప్పుడు వచ్చిందా? ఈ మాట లోపల అని ఉండాల్సింది. లోపల మూడు నిమిషాలే ఇస్తారు, మాట బయటికొచ్చాకే గుర్తుకొస్తుంది.

ఇక మాటలతో లాభం లేదనుకుంది. ఈ పని నేర్చుకునే వాళ్లెవరైనా మొదట తమ కాలి మీద వెంట్రుకలే తీసి చేయి తిప్పుకుంటారు. మంజూష కూడా అట్లాగే నేర్చుకుంది. జూన్ నెల సగం వరకు కాళ్ల జోలికి పోలేదు. పార్లర్‌లో పనిచేసే మనిషి కాళ్ల మీద వెంట్రుకలు అట్లా పెంచుకోవడం ఎంత సిగ్గో ఆమెకే తెలుసు. సల్వార్ చీలమండల దాకా లాక్కుని తిరిగింది. అపాయింట్‌మెంట్ రోజు పొద్దున ఆరింటికి, గోళీ వేసుకోకముందు, ఎడమకాలి మీద జానెడు మేర దారంతో తీసింది. ఎనిమిదింటికి గోళీ వేసుకుంది. పదకొండింటికి పార్లర్ వెనక గదిలో కూర్చుని, కుడికాలి మీద అదే జానెడు తీసింది.

ఒంటిగంటకు డాక్టరు ఎప్పటిలాగే "నిద్ర ఎలా ఉంది?" అన్నాడు.

"నిద్ర ముచ్చట తర్వాత సార్. ముందు ఇది చూడుండ్రి" అని మంజూష రెండు సల్వార్ కాళ్లూ పిక్కల దాకా పైకి లాగింది.

ఆయన కంగారుపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అయ్యో, అలా వద్దమ్మా..."

"నోటితోటి మూడు నెలలు చెప్పిన, మీరు ఇనలే. కాలుతోటి చెప్తున్న. ఈ కాలు గోళీకి ముందు చేసిన. గీ కాలు గోళీ ఏసుకున్నంక మూడు గంటలకు చేసిన. ఒక్కటే చెయ్యి, ఒక్కటే దారం. టెన్షన్ పొద్దుగాల ఏడికి పోయింది సార్?"

ఎడమకాలు నున్నగా ఉంది. కుడికాలి మీద అక్కడక్కడా కుచ్చులు మిగిలి, నాలుగుచోట్ల చర్మం లేచి, ఎర్రగా చుక్కలు తేలాయి. డాక్టరు కళ్లజోడు పెట్టుకుని ఒంగి చూశాడు. తర్వాత మొదటిసారిగా ఆమెను చేతులు చాపమన్నాడు. వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టాడు. కాగితం రెపరెపలాడింది. అంత చిన్న పరీక్ష! ఒక్క కాగితం ముక్క! మూడు నెలలు అది ఆయన బల్ల మీదే ఉంది.

"మందు వల్లేనమ్మా ఇది. మార్చేద్దాం" అన్నాడు ఆయన మెల్లగా. పాతది రెండు వారాల్లో తగ్గించుకుంటూ కొత్తది కలపాలని, ఒక్కసారిగా ఏదీ మానొద్దని, కొత్తది పట్టడానికి మూడు నాలుగు వారాలు పడుతుందని ఈసారి తీరిగ్గా చెప్పాడు. అన్నీ విని మంజూష ఫైలు ఆయన ముందుకు తోసింది.

"టెన్షన్ అని మూడుచోట్ల రాసిన్రు. కొట్టెయ్యుండ్రి."

ఆయన పెన్ను తీసి, మూడుచోట్లా గీత పెట్టాడు.

గెలిచానని ఇంటికొచ్చింది గానీ, ఆ తర్వాతి మూడు వారాలు నరకం. తలలో మళ్లీ ఆ కరెంటు. నోరు ఎండిపోవడం, మధ్యాహ్నం నిలబడ్డచోటే కునుకు. పాత కుంగుబాటు గడపలోకొచ్చి తొంగి చూసింది. ఒకరోజు బకెట్ నిండి నీళ్లు కారిపోతుంటే బాత్‌రూమ్‌లో అట్లాగే కూర్చుండిపోయింది. మహేశ్ తలుపు కొట్టి, "ఉన్న గోళీ మంచిగనే ఉండె గదా, ఎందుకు మార్పించుకున్నవ్?" అన్నాడు. బంద్ చెయ్యమన్నది ఈ మనిషే! మంజూషకు బకెట్ ఎత్తి కుమ్మరించాలన్నంత కోపమొచ్చింది. ఆ కోపంలోనే లేచి స్నానం చేసింది.

నాలుగో వారంలో ఒకరోజు నిద్ర లేచేసరికి దవడలు నొప్పిగా లేవు. గోళీ వేసుకున్నాక, పదకొండింటికి, కాలి మీద దారం ఆడించి చూసుకుంది. వేళ్లు మాట విన్నాయి. నమ్మలేక మూడు రోజులు చూసుకుంది. శ్రావణం ఇంకా అయిదు రోజులుందనగా రుద్రమ్మ ముందు నిలబడి, "కుర్చీ ఇయ్యక్కా" అంది.

"ఎవరి మొహం మీద చూడాల్నే? ఏ పిల్ల కూసుంటది నీ ముందట?" అని రుద్రమ్మ కాసేపు గొణిగింది. చివరికి నిట్టూర్చి తనే కుర్చీలో వాలింది. "కానీ. పోతే నా కనుబొమనే పోతది."

మంజూష పౌడరు అద్ది, దారం కొరికి, కుడి కనుబొమ మొదలుపెట్టింది. పింకీ రంగు డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. దారం ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తెగలేదు. అయిదు నిమిషాల్లో అది ముగిసింది. రుద్రమ్మ చేతి అద్దం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, మొహం నిండా నవ్వింది.

"అబ్బ, మునుపటి లెక్కనే ఉంది! మంచిగయినవే మంజూ. ఇగ ఆ గోళీలు బంద్ చెయ్ రాదు!"

పళ్ల మధ్య దారం ఉన్నంతసేపు ఆ కుర్చీ వెనక మనిషి మాట్లాడలేదు. పదకొండేళ్లుగా ఎవరేమన్నా వింటూ ఊకొట్టడమే అలవాటు. మంజూష దారం నోట్లోంచి తీసేసింది.

"మంచిగయింది గోళీతోనే అక్కా. గీ చెయ్యి నిలబడ్డది సుత గోళీ మీదనే. డాక్టరు చెప్పిననాడు చూద్దాం. గప్పటిదాంక బంద్ చెయ్య. ఇంకోపారి ఎవరన్నా ఆ మాట అంటే నాకు మంచిగుండదు."

"అరె, నీ మంచికే అన్న..."

"ఇప్పటిదాంక అందరు నా మంచికే అన్నరు. అయిదు నెలలు పోయినయ్." మంజూష దారం మళ్లీ వేళ్లకు చుట్టుకుంది. "నీది ఒక్క కనుబొమనే అయింది. రెండోది చెయ్యాల్నా, ఒద్దా?"

రుద్రమ్మ అద్దంలో ఒకటి సన్నగా, ఒకటి గుబురుగా ఉన్న తన కనుబొమల్ని చూసుకుంది. పింకీ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

"చెయ్యే తల్లీ, ఇగ అనను" అని రుద్రమ్మ వెనక్కి వాలి, ఎడమ కంటి రెప్ప సాగదీసి పట్టుకుంది.