రంగు కింద పేరు

మిర్యాలగూడ రైస్ మిల్లు సేటు దగ్గర కొన్న పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారును పోయిన వారం సూర్యాపేటల పెయింటింగ్‌కు ఇచ్చిన. ఇయ్యాల పొద్దుగాల పెయింటర్ యాదగిరన్న ఫోన్ చేసి “జర వచ్చి సూడు తమ్మీ” అన్నడు.

పోయి సూస్తే, సేటు ఏపిచ్చిన ఎర్ర రంగు గీకినకాడ నీలి రంగు తేలింది. అది సేటు కంటే ముందు ఓనర్, కోదాడ డాక్టర్ ఏపిచ్చింది. దాని మీద, డిక్కీ మూలకు, తెల్ల అక్షరాలతోని ‘మందాకిని’ అని రాసుంది. ఇంకా గీకితే మొదటి ఓనర్ ఆకుపచ్చ రంగు. దాని మీద గూడ అదే పేరు, వేరే చేతిరాత.

నవ్వుకుంట సేటుకు ఫోన్ చేసి చెప్పిన. ఆయన నవ్వలే.

“మా బిడ్డ పేరు గూడ గదే” అన్నడు.

“గిప్పుడు యాడుంటది సేటూ?”

ఫోన్ పెట్టేసిండు.

యాదగిరన్న బ్రష్ పట్టుకొని “మరి నీ బిడ్డ పేరు ఏం రాయాలె?” అని అడిగిండు. ఏం రాయొద్దన్న.

ఈ ఆదివారం మా పాపకు పేరు పెట్టుడుంది. మందాకిని అని నేను, మా ఆమె అనుకున్నం. మా అమ్మకు గూడ ఇంకా చెప్పలే.

గిసొంటియి నేను నమ్మ. అయినా ఆడపిల్ల పేర్లు ఏమన్న ఉంటే కింద కామెంట్ల రాయున్రి. జర జల్దీ.