షీట్ల వెనక గోడ

కోయిలకుంట్లలో బేల్దారి దాసన్న కట్టిన గోడ వంకర పోయిందని ఎవరూ అనలేదు. స్నానాల గది గోడకు తేమ దిగకుండా మందు పూయమని ఎవరైనా అడిగితే మాత్రం నవ్వేవాడు. "మన సీమలో తాగనీకే నీళ్లు లేవు. గోడకు యాడనుంచి వస్తాయప్పా?"

తన ఇంటికీ పూయలేదు.

రెండేళ్ల కింద పడకగదిలో, స్నానాల గదిని ఆనుకున్న గోడకు నల్ల బూజు పట్టింది. క్రిస్మస్‌కు సున్నం వేశాడు. నెలకే పైకి వచ్చింది. మరుసటి క్రిస్మస్‌కు, భార్య విశ్వాసమ్మ ఊళ్లో లేని రోజు చూసి, గోడంతా ప్లాస్టిక్ షీట్లు బిగించాడు. అందానికి అన్నాడు. ఆమె ఏమీ అడగలేదు. బైబిలు వాక్యమున్న క్యాలెండరు తెచ్చి దాని మీద తగిలించింది.

ఆ చలికి విశ్వాసమ్మకు దగ్గు పట్టుకుంది. చలికాలం పోయింది. ఆమె దగ్గు పోలేదు.

శుక్రవారం ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. వెనక వీధి జీవమ్మ విశ్వాసమ్మ తలమీద చెయ్యి పెట్టింది. "తండ్రీ, ఈ బిడ్డ రొమ్ములో ఏముండాదో నీకే తెలుసు."

దాసన్నకూ తెలుసు. అందరూ ఆమెన్ అన్నారు. అతను మాత్రం అనలేకపోయాడు.

"ఏమన్నా, పెండ్లాం దగ్గు పోవడం నీకు ఇష్టం లేదా?" అంది జీవమ్మ. అందరూ నవ్వారు.

మర్నాడు విశ్వాసమ్మను బద్వేలులో ఆమె చెల్లెలింటికి పంపాడు. పడకగదికి కరెంటు తీసేశాడు. నీళ్ల పైపు కట్టేశాడు. వాకిలికి తడి దుప్పటి కట్టాడు. ఊరి గోడలన్నీ ఉత్త మొహంతో కొట్టిన మనిషి, మొదటిసారి మంచి మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు కొన్నాడు.

షీట్లు ఊడదీస్తే గోడ భుజమెత్తు దాకా నల్లగా, మెత్తగా ఉంది. పొడి లేస్తే ఇల్లంతా పాకుతుంది. నీళ్లు చిలకరిస్తూ, ఉలితో మెల్లగా, నలుపు ఆగినచోట ఆగక జానెడు అవతలి దాకా పూత తీశాడు. పెళ్లలను అక్కడే సంచుల్లో నింపి, మూతులు కట్టి, కిటికీలోంచి పెరట్లోకి దించాడు.

మూడోనాడు విశ్వాసమ్మ వచ్చింది. ఇటుకలు బయటపడిన గోడ ముందు నిలబడింది.

"నీకు చెప్పకుండా మూసినాను," అన్నాడు. "నీ దగ్గు నేను తెచ్చిందే."

"తెలుసు. ఆ వాసనలో పండుకునేది నేను కూడా కదా."

"మరి అడగలేదే?"

"బేల్దారి ఇంట్లోనే గోడ కుళ్లిందంటే నువ్వు యాడ తలెత్తుతావు? షీట్ల సందులోంచి నలుపు తొంగి చూస్తాంటే క్యాలెండరు వేసినా."

చెప్పి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా అతను ఇటుకలనే చూశాడు.

"రేపు డాక్టరు కాడికి పోదాం. గోడ సంగతి ఆయనకు నేనే చెప్తా. శుక్రవారం కూటం ఈ గదిలోనే పెట్టు."

ఆమె మళ్లీ గోడకు తగిలిద్దామని క్యాలెండరు చేతికి తీసుకుంది.

"వద్దు. అట్లే కనపడనీ," అన్నాడు. "జీవమ్మ ఇల్లు కట్టింది కూడా నేనే. దానికీ మందు పూయలేదు."